పదేళ్ళు దాచిన క్యూబా సిగార్‌ని రుచి చూడటం ఎలా

మా తాతయ్య లంక పొగాకు చుట్ట కాల్చేవాడు. గోదావరి లంకల్లో పండిన ఆకు, తనే ఈనె తీసి తనే చుట్టుకునేవాడు, కానీ ఆ ఏడు వచ్చిన కొత్త ఆకు మాత్రం ముట్టుకునేవాడు కాదు, వాసన చూసి "ఇంకా పచ్చిగా కొడతంది, పై ఏడు చూద్దాం" అని కట్ట పక్కన పడేసేవాడు. ఆ మాట అసలు అర్థం నాకు చాలా ఏళ్ళ తర్వాత దుబాయ్‌లో ఉద్యోగం చేసేటప్పుడు తెలిసింది, ఒక పెద్దాయన పన్నెండేళ్ళు తన దగ్గర దాచుకున్న క్యూబా సిగార్ ఒకటి నా చేతిలో పెట్టినప్పుడు. నేను దాన్ని మామూలు సిగార్ లాగే గబగబా నలభై నిమిషాల్లో కాల్చేశా, చివర్లో చేదు తప్ప ఏమీ గుర్తులేదు. ఆయన సిగార్ ఇంకా సగం కూడా అవ్వలేదు. ఆ రోజు పోగొట్టుకున్న పన్నెండేళ్ళు మళ్ళీ రావు కదా, అందుకే ఇది రాస్తున్నా, మీకు ఎవరైనా గిఫ్ట్ ఇచ్చిందో, బయట దేశం నుంచి తెచ్చుకుని దాచిందో పాత బాక్స్ ఒకటి ఉంటే దాన్ని అలా వేస్ట్ చేసుకోకండి.

ఒక మాట ముందే చెప్పెయ్యాలి. సిగార్ పొగ లోపలికి పీల్చం కాబట్టి ఏమీ కాదని చాలా మంది అంటారు, అది నమ్మొద్దు. మన ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే ఆడవాళ్ళని చూడండి, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు, వాళ్ళలో అంగిలి క్యాన్సర్ ఎక్కువని డాక్టర్లు ఎప్పటినుంచో చెప్తున్నారు. సిగార్‌లో నిప్పు బయటే ఉన్నా పొగ పనిచేసేది అదే నోటి మీద. పొగాకు అలవాటు లేనివాళ్ళు దీంతో మొదలుపెట్టాల్సిన పనేమీ లేదు. ఇది ఆల్రెడీ సిగార్ కాల్చేవాళ్ళ కోసం, అది కూడా ఎప్పుడో ఒకటి, పండగకి ఒకటి అన్నట్టు కాల్చేవాళ్ళ కోసం.

ముందు డబ్బా తిరగేయండి

పాతది అని ఎవరో చెప్తే పాతదైపోదు. బాక్స్ అడుగున చూస్తే చెక్కలోకి కాల్చి వేసిన ముద్ర ఉంటది, హబానోస్ ఎస్.ఎ. అని, ఎచో ఎన్ కూబా, అంటే క్యూబాలో చేసింది అని, తోతల్మెంతె ఎ మానో, అంటే మొత్తం చేత్తో చుట్టింది అని. ఈ మూడో మాట 1989 నుంచి వేస్తున్నారు, హబానోస్ పేరు 1994 నుంచి, ఎందుకంటే క్యూబా సిగార్లు అమ్మే ఆ కంపెనీ పుట్టిందే అప్పుడు. వాటి పక్కన ఇంకుతో వేసిన స్టాంప్ ఉంటది, మూడు అక్షరాల ఫ్యాక్టరీ కోడ్, దాని కింద నెల, సంవత్సరం. నెల స్పానిష్‌లో ఉంటది, జనవరికి ఎనెరో, ఏప్రిల్‌కి అబ్రిల్, ఆగస్టుకి అగోస్తో, డిసెంబర్‌కి దిసియెంబ్రె, వీటి మొదటి మూడక్షరాలే వేస్తారు. మనం లెక్కపెట్టుకునే వయసు ఆ తేదీ నుంచే.

ఆ తేదీ సిగార్‌ని బాక్స్‌లో సర్దిన రోజుది అనుకోండి. ఆకు దానికన్నా ముందే ఒకటి రెండేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, గోడౌన్‌లో ఊరి ఉంటది. రిసెర్వా అని రాసున్న వాటికి చుట్టకముందే ఆకు మూడేళ్ళు, గ్రాన్ రిసెర్వాకి అయిదేళ్ళు దాస్తారు.

ఇంకో గుర్తు, మూత తియ్యగానే రంగు చూడండి. క్యూబాలో సిగార్లని రంగు ప్రకారం ఏరి సర్దడానికి విడిగా మనుషులుంటారు, ఎడమవైపు ముదురు రంగు నుంచి కుడివైపుకి లేతరంగు దాకా వరసగా పేరుస్తారు, ఆ తేడా ఎంత సన్నగా ఉంటదంటే ఒకదాని పక్కన ఇంకోటి చూస్తే తెలీదు, రెండు చివర్లూ చూస్తే తెలుస్తది. గాజు మూత ఉన్న కోహిబా బ్రాండ్ బాక్స్ ఎవరైనా చూపిస్తే దండం పెట్టి వచ్చెయ్యండి, అది నకిలీ. నేను ఒక బీచ్ ఊళ్ళో ఓ షాపువాడి మాట నమ్మి అలాంటిదే కొన్నా, కోసి చూస్తే లోపల పొడి పొడిగా తరిగిన ఆకు ముక్కలు, అసలైన కోహిబాలో ఈ కొస నుంచి ఆ కొస దాకా పొడుగాటి ఆకులే ఉంటాయి.

ఈ గైడ్‌లో ఉదాహరణకి నేను పట్టుకుంటున్నది రామోన్ అయోనెస్ స్పెషల్లీ సెలెక్టెడ్. 1837 నాటి బ్రాండ్ ఇది, సైజు రోబుస్తో, అంటే 124 మిల్లీమీటర్ల పొడవు, 50 రింగ్ గేజ్. రింగ్ గేజ్ అంటే లావు లెక్క, అంగుళాన్ని 64 భాగాలు చేసి ఎన్ని భాగాలో చెప్తారు, 50 అంటే దాదాపు 20 మిల్లీమీటర్లు, మన బొటనవేలంత. ఎందుకు ఇదే అంటే, కొత్తగా ఉన్నప్పుడు కొంచెం మొరటుగా, మట్టిగా, ఘాటుగా ఉండి, పదేళ్ళకి ఎండుద్రాక్ష ఉడకబెట్టిన వాసన వైపు తిరుగుద్ది, ఆ మార్పు కొత్తవాళ్ళకి కూడా దొరుకుద్ది. ఓయో దె మోంతెర్రేయ్ లాంటి మెత్తటి బ్రాండ్లు పదేళ్ళు దాస్తే కొన్ని అద్భుతంగా ఉంటాయి, కొన్ని మాత్రం మరీ పలచబడిపోతాయి, పర్తగాస్, బొలివార్ లాంటి గట్టి పిండాలు వయసుని బాగా తట్టుకుంటాయి.

దాచిన విధానం సరిగ్గా ఉందా

పదేళ్ళ సిగార్ రుచిలో సగం ఈ ప్రశ్న దగ్గరే తేలిపోద్ది. గాలిలో తేమ 62 నుంచి 65 శాతం మధ్య, వేడి 16 నుంచి 18 డిగ్రీల దగ్గర ఉంటే నిదానంగా, చక్కగా ముదురుద్ది. హ్యూమిడార్, అంటే సిగార్లు దాచే తేమ పెట్టె, అమ్మేవాళ్ళు 70 శాతం అంటారు, క్యూబా సిగార్‌కి అది ఎక్కువే, ఆకు ఉబ్బి పొగ లాగడం కష్టమయ్యి, అస్తమానం ఆరిపోద్ది. మన దగ్గర సమస్య డబల్, మే నెలలో హైదరాబాద్ గాలి ఆకుని అప్పడం చేసేస్తది, వానాకాలంలో వైజాగ్ గాలి బూజు పట్టిస్తది. ఖరీదైన చెక్కపెట్టె లేకపోయినా ఫర్వాలేదండి, గాలి చొరబడని మంచి ప్లాస్టిక్ డబ్బా, అందులో 65 శాతానికి ఉండే తేమ ప్యాకెట్లు రెండు, తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ ఒకటి, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో బీరువా అడుగు అర, ఇంతే.

ఆ మీటర్ చెప్పేది నిజమో కాదో ఒకసారి చూసుకోండి, చాలా వాటికి నాలుగైదు శాతం తేడా ఉంటది. సీసా మూతలో వంటింటి ఉప్పు పోసి, తడి ఇసకలా అయ్యేదాకా నాలుగు చుక్కలు నీళ్ళు కలిపి, ఆ మూతనీ మీటర్‌నీ ఒక జిప్ కవర్లో పెట్టి సీల్ చేసి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున్నకి 75 చూపించాలి, ఉప్పు తడికి ఉన్న గుణం అది. 71 చూపిస్తే మీ మీటర్ నాలుగు తక్కువ చెప్తోందని రాసుకోండి.

పురుగు సంగతి. సిగార్ మీద గుండుసూదితో పొడిచినంత బొక్కలు కనిపిస్తే అది పొగాకు పురుగు, మన పసుపు కొమ్ముల్లో, ఎండు మిర్చిలో పడేది కూడా ఇదే. వేడి 24, 25 డిగ్రీలు దాటి ఎక్కువకాలం ఉంటే ఆకులో ఉన్న గుడ్లు లేస్తాయి. వెంటనే ఆ బాక్స్‌ని వేరుచేసి, గట్టిగా కవర్లు చుట్టి, ఒకరోజు ఫ్రిజ్‌లో, మూడు రోజులు డీప్ ఫ్రీజర్‌లో, మళ్ళీ ఒకరోజు ఫ్రిజ్‌లో పెట్టి అప్పుడు బయటికి తియ్యండి, డైరెక్ట్‌గా తీస్తే పైఆకు పగిలిపోద్ది. తెల్లటి బూజు పైపైన ఉంటే మెత్తటి బ్రష్‌తో దులిపితే పోద్ది, నిప్పు పెట్టే వైపు లోపల ఆకుల మధ్య కూడా కనిపిస్తే మాత్రం పారెయ్యండి, ఎంత ఖరీదైనా సరే.

ప్రయాణం చేసి వచ్చిన సిగార్‌ని ఆ వారమే కాల్చొద్దు. కనీసం నెల రోజులు దాని పెట్టెలో అది ఉండాలి, ఫ్లైట్‌లో కార్గోలో తేమ వేడి అటూ ఇటూ అయ్యి ఉంటాయి కాబట్టి. కాల్చే రెండు రోజుల ముందు తేమ ప్యాకెట్ లేని మామూలు చెక్క డబ్బాలోకి మార్చి పెడితే ఇంకా మంచిది, ఆ కొంచెం ఎక్కువ తేమ దిగిపోయి శుభ్రంగా కాలుద్ది. ఎండాకాలం అయితే ఇది అస్సలు చెయ్యకండి.

రోజు, టైమ్, నోరు

రెండు గంటలు ఖాళీ పెట్టుకోండి. రోబుస్తో గంటలో అవుద్ది అంటారు గానీ పాతదాన్ని నిదానంగా కాల్చాలి, గంటన్నర పట్టినా పట్టొచ్చు. ఆ రోజుకి అదే మొదటి సిగార్ అవ్వాలి. ఖాళీ కడుపుతో వద్దు, నికోటిన్ కొట్టిందంటే చెమటలు పట్టి తల తిరుగుద్ది, పక్కన చిన్న బెల్లం ముక్క ఉంచుకోండి, అలా అనిపిస్తే సిగార్ పక్కన పెట్టేసి బెల్లం నోట్లో వేసుకుని నీళ్ళు తాగి కూర్చోండి. అలాగని ఆవకాయ అన్నం తిని, గోంగూర పచ్చడి తిని కూర్చుంటే నాలిక మీద గంటసేపు అదే ఉంటది. పెరుగన్నం లాంటి సాదా భోజనం, తర్వాత ఒక గంట ఆగడం. సోంపు వద్దు, కిళ్ళీ వద్దు, పుదీనా బిళ్ళ అసలే వద్దు.

గదిలో అగరుబత్తి, సాంబ్రాణి, రూమ్ స్ప్రే ఏదీ ఉండకూడదు, మీ ఒంటి మీద సెంటు కూడా. ఫ్యాన్ ఆపెయ్యండి. ఇది చాలా మంది పట్టించుకోరు, సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చుంటే సిగార్ ఒకపక్కే కాలిపోద్ది, పొగ వాసన మీ దాకా రాదు, నిప్పు వేడెక్కి పదేళ్ళ మెత్తదనం పది నిమిషాల్లో పోద్ది. బాల్కనీ అయితే గాలి లేని సాయంత్రం చూసుకోండి, పిల్లలూ పెద్దవాళ్ళూ ఆ పొగలో లేకుండా చూసుకోండి. తాగడానికి మామూలు నీళ్ళు, చల్లవి కాదు. రమ్ముతోనో విస్కీతోనో బాగుంటదని అందరూ చెప్తారు, మొదటిసారి వద్దు, అసలు సిగార్ ఏం చెప్తోందో దాని నోటితోనే వినండి.

ఒక నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో రాస్తే మెసేజ్‌ల్లోకి వెళ్ళిపోతారు.

వెలిగించకముందే సగం పని

చేతిలోకి తీసుకుని వేళ్ళతో కొంచెం కొంచెం నొక్కుతూ కింద నుంచి పైదాకా రండి, ఎక్కడైనా రాయిలా గట్టిగా ఉంటే అక్కడ పొగ ఆగుద్దని ముందే తెలుస్తది. కొత్త సిగార్ పైఆకు నూనె రాసినట్టు మెరుస్తది, పాతదానికి ఆ మెరుపు తగ్గి పాత పట్టుబట్టలా మసకగా ఉంటది, అది లోపం కాదు. చిటపట మంటే మాత్రం ఎండిపోయినట్టే, దాన్ని ఆ రోజు కాల్చకుండా తేమ డబ్బాలో నెలా రెండు నెలలు నిదానంగా కోలుకోనివ్వాలి.

ఇప్పుడు వాసన. ముందు ఒంటి మీద, తర్వాత నిప్పు పెట్టే వైపు కోసి ఉన్న చోట ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. కొత్త సిగార్‌లో ఇక్కడే గేదెల పాక వాసన లాంటిది ముక్కులోకి సర్రున ఎక్కుద్ది, అది అమోనియా, ఆకు పులిసేటప్పుడు పుట్టింది, సిగార్ చుట్టాక కూడా నెలల తరబడి కొద్దికొద్దిగా పోతూనే ఉంటది. మా తాతయ్య పచ్చిగా కొడతంది అన్నది ఇదే. పదేళ్ళ దానిలో అది పూర్తిగా పోయి ఉండాలి, దాని బదులు ఎండిన వరిగడ్డి వామి వాసన, పాత తోలు సంచి వాసన, కొంచెం కోకో పొడి వాసన వస్తాయి. చెక్క వాసన కూడా వస్తది, అది పెట్టెది, ఆ పెట్టెలు చేసే చెట్టుని అందరూ స్పానిష్ సెడార్ అంటారు గానీ అది నిజంగా దేవదారు కాదు, మన వేపచెట్టు కుటుంబంలోది. నాకు ఆ సంగతి తెలిశాక ఆ వాసనలో ఉన్న సన్నటి చేదు ఎక్కడిదో అర్థమైంది.

కొయ్యడం. నోట్లో పెట్టుకునే వైపు చిన్న టోపీలా అతికించిన ఆకు ఉంటది, ఆ టోపీ గీత దాటకుండా పైన ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు మాత్రమే కొయ్యాలి, గీత దాటితే పైఆకు మొత్తం విప్పుకుపోద్ది. పాత ఆకు పెళుసు కాబట్టి ముందు ఆ కొసని పెదాలతో ఒక పది సెకన్లు తడిపి, పదునైన రెండు బ్లేడ్ల కట్టర్‌తో ఒక్క దెబ్బలో కొయ్యండి. కోశాక వెలిగించకుండానే నాలుగైదు సార్లు గాలి లాగండి. మందపాటి స్ట్రాతో జ్యూస్ లాగినంత అడ్డు ఉంటే సరిగ్గా ఉన్నట్టు. ఆ వట్టి గాలిలో కూడా రుచి ఉంటది, నాకు రామోన్ అయోనెస్‌లో ఎప్పుడూ ఇక్కడ కిస్‌మిస్, కొంచెం ఉప్పు తగులుతాయి. నోట్‌బుక్‌లో మొదటి లైన్ ఇదే రాయండి.

బ్యాండ్, అదే సిగార్ చుట్టూ బ్రాండ్ పేరుతో ఉండే కాగితం పట్టీ, ఇప్పుడే పీకొద్దు. అది జిగురుతో అతికించి ఉంటది, ఆ జిగురు కొంచెం పైఆకుకి తగిలి ఉంటే బ్యాండ్‌తో పాటు ఆకు చిరిగి వస్తది. నిప్పు దగ్గరికి వచ్చేకొద్దీ వేడికి అదే వదులవుద్ది, అప్పుడు తియ్యండి.

వెలిగించడం

పెట్రోల్ లైటర్, కొవ్వొత్తి వద్దు, ఆ వాసన సిగార్‌కి పట్టుకుంటే చివరిదాకా వదలదు. బ్యూటేన్ లైటర్ గానీ పొడుగు అగ్గిపుల్ల గానీ వాడండి, అగ్గిపుల్ల అయితే తల మొత్తం కాలిపోయి పుల్ల మాత్రమే మండేదాకా ఆగండి. సిగార్‌ని వాలుగా పట్టుకుని, మంట తగలకుండా ఒక అంగుళం కింద ఉంచి, తిప్పుతూ తిప్పుతూ కొసని కాచండి, అప్పడం కాల్చినట్టు, అంచు చుట్టూ నల్లబడి తర్వాత సన్నటి ఎర్ర గీత వస్తది. అప్పుడు నోట్లో పెట్టుకుని మంట ఇంకా దూరంగానే ఉంచి రెండు మూడు చిన్న దమ్ములు. తీసి కొస మీద మెల్లగా ఊదితే ఎక్కడ ఎర్రగా లేదో కనపడుద్ది, అక్కడ మళ్ళీ కొంచెం కాచండి. దీనికి నిమిషం పైనే పట్టాలి. మొదటి రెండు దమ్ముల్లో మసి రుచే ఉంటది, వాటిని బట్టి ఏమీ రాయకండి.

దమ్ము లాగే పద్ధతి, ముక్కు పని

నిమిషానికి ఒక దమ్ము, ఇంతకన్నా తొందర వద్దు, పాతదానికి నిమిషంన్నర అయినా ఫర్వాలేదు. పొగని నోట్లోనే మూడు నాలుగు సెకన్లు ఉంచి వదిలెయ్యాలి, ఊపిరితిత్తుల్లోకి అస్సలు లాగొద్దు. సిగార్ మీద వేలు పెట్టి చూసుకుంటూ ఉండండి, నిప్పు వెనక అంగుళం దూరంలో ఒళ్ళు గోరువెచ్చగా ఉండాలి, చుర్రుమంటే మీరు తొందరపడుతున్నట్టు, రెండు నిమిషాలు పక్కన పెట్టండి.

నాలికకి తెలిసేది తీపి, ఉప్పు, పులుపు, చేదు, ఇంకా మాంసం పులుసులో ఉండే ఆ కమ్మదనం, అంతే. కోకో, తోలు, ఎండుద్రాక్ష, వేయించిన ధనియాలు, ఇవన్నీ ముక్కు పని. అందుకని నాలుగైదు దమ్ములకి ఒకసారి, నోట్లో పొగలో ఎక్కువభాగం బయటికి వదిలేసి, మిగిలిన కొంచెం పొగని నోరు మూసుకుని ముక్కులోంచి మెల్లగా వదలండి. కొత్త సిగార్‌తో ఇలా చేస్తే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, కారప్పొడి ఘాటు వచ్చినట్టు. పదేళ్ళ సిగార్‌తో చేసినప్పుడు ఆ మంట ఉండదు, వాసన మాత్రం పూర్తిగా ఉంటది. వయసు చేసిన పని మొత్తం నాకు ఈ ఒక్క చోటే బాగా అర్థమవుద్ది, ఘాటు తీసేస్తే దాని వెనక ఇంతకాలం ఎవరు నిలబడి ఉన్నారో కనిపిస్తారు.

మూడు భాగాలు, ఎక్కడ ఏం మారుద్ది

సిగార్ కాల్చేవాళ్ళు దాన్ని మూడు భాగాలుగా చెప్పుకుంటారు. ఎందుకు రుచి మారుద్దో తెలిస్తే వెతకడం తేలిక, కాబట్టి ఆకు సంగతి కొంచెం చెప్తా. లోపల మూడు రకాల ఆకు ఉంటది, మొక్క కింది భాగం నుంచి వోలాదో, ఇది బాగా మండటానికి, మధ్యలోంచి సెకో, ఇది వాసనకి, పైనుంచి లిగెరో, ఎండ ఎక్కువ తిని మందంగా ఉంటది, బలం దీనిది. లిగెరోని చుట్టేవాళ్ళు మధ్యలో పెడతారు, నిదానంగా కాలుద్ది కాబట్టి. ఈ ఆకులన్నీ కట్టి ఉంచే బైండర్ ఆకు, దాని మీద పైఆకు. పైఆకుని నీడలో, గుడ్డ పందిరి కింద పెంచుతారు. ఇదంతా ఎక్కువగా పినార్ దెల్ రియో జిల్లాలో, వుయెల్తా అబాహో అనే ప్రాంతంలో, సాన్ లూయీస్, సాన్ హువాన్ ఇ మార్తీనెస్ అనే ఊళ్ళ చుట్టుపక్కల ఎర్రనేలల్లో పండుద్ది. 2022 సెప్టెంబర్ చివర్లో ఇయాన్ తుఫాను సరిగ్గా అక్కడే పడి ఆకు ఆరబెట్టే పాకలు వేల సంఖ్యలో కూలిపోయాయి, తుఫాను అంటే ఏంటో మన కోస్తా వాళ్ళకి చెప్పక్కర్లేదు. దాచుకున్న పాత బాక్స్ అంటే నాకు అప్పట్నుంచీ ఇంకాస్త గౌరవం పెరిగింది.

సరే, కాలేకొద్దీ ఏమవుద్దంటే, ముందు భాగంలోంచి వచ్చే పొగ మిగతా సిగార్ గుండా ప్రయాణం చేసి మీ నోటికి చేరుద్ది, దారిలో తారు, నికోటిన్, నూనెలు కొంత ఆ ఆకుల్లోనే ఆగిపోతాయి. అందుకే మొదటి భాగం పలచగా చల్లగా ఉంటది, చివరికి వచ్చేసరికి ఆగినవన్నీ కూడా కాలతాయి, నిప్పు కూడా దగ్గరైపోద్ది, బలం పెరుగుద్ది.

మొదటి భాగంలో, అంటే వెలిగించిన చోటు నుంచి నాలుగు సెంటీమీటర్లు, రామోన్ అయోనెస్ నాకు ఎండుగడ్డి, వేయించిన వేరుశనగ పప్పు, కొంచెం తెల్ల మిరియాలు, ఇలా మొదలవుద్ది. చాలామంది ఇక్కడే నిరాశ పడతారు, ఏంటి ఇంత సాదాగా ఉంది, దీనికా ఇంత ఖర్చు అని. ఆగండి. పాత సిగార్ మొదట్లో గట్టిగా మాట్లాడదు. పది పదిహేను నిమిషాలు గడిచాక పొగ మందం పెరిగి, నాలిక పక్కల్లో సన్నగా పులుపు ఊరుద్ది, చింతచిగురు పులుపు కాదు, ఎండు రేగుపండు పులుపు. క్యూబా ఆకులో ఉండే ఆ పులుపు తీపి కలిసిన జివ్వుని నేను వేరే దేశం సిగార్లలో అంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు.

రెండో భాగం మీదే మీ ధ్యాస అంతా పెట్టాలి, ఫోన్ వస్తే ఎత్తకండి. కొత్తగా ఉన్నప్పుడు ఈ చోట మట్టి, మిరియాలు, గట్టి తోలు కలిసి ఒకేసారి మీద పడతాయి. పదేళ్ళ తర్వాత ఇవి విడివిడిగా, ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ముందు ఎండుద్రాక్ష, ఆ ఎండుద్రాక్ష పాకంలో పడి ఉడికినట్టు మారుద్ది, దాని వెనక తాటిబెల్లం, తీపి కాదు, బెల్లంలో మాడిన వాసన ఉంటది చూడండి అది. కాసేపటికి పాలు కలపని ఫిల్టర్ కాఫీ డికాషన్. ముక్కులోంచి వదిలితే పాత లైబ్రరీలో అట్ట పుస్తకం తెరిచిన వాసన. ఒక దమ్ములో ఉన్నది తర్వాత దమ్ములో ఉండకపోవచ్చు, వెతుక్కుంటూ గట్టిగా లాగితే ఇంకా పోద్ది, ఆగితే మళ్ళీ వస్తది. నోట్‌బుక్‌లో రుచుల పేర్లు మాత్రమే కాకుండా ఎన్నో నిమిషానికి వచ్చింది, ఎంతసేపు ఉంది, నోట్లోంచి పొగ పోయాక కూడా మిగిలిందా అని రాయండి. పొగ పోయాక నోట్లో నిమిషం పైగా మిగిలే రుచి ఉందంటే ఆ సిగార్ ఇంకా బతికే ఉందని అర్థం.

మీకు నేను చెప్పినవే తగలాలని లేదు. విదేశీ లిస్టుల్లో ఉండే పండ్ల పేర్లు, గింజల పేర్లు చూసి అవి రాలేదే అని కంగారు పడకండి, ఎప్పుడూ తినని పండు రుచి ఎలా గుర్తుపడతారు. మన దగ్గర ఉన్న వాటితో పోల్చుకోండి, నువ్వుల జీడి, నేతిలో వేగిన జీడిపప్పు, తొలకరికి తడిసిన మట్టి, కొత్త చెప్పుల షాపు, దాల్చిన చెక్క, ఎండు ఖర్జూరం, పట్టుచీరలున్న పాత బీరువా. మా ఫ్రెండ్ ఒకడు ఒక పాత పర్తగాస్‌కి "వాన పడ్డాక మిరపకాయల కళ్ళం" అని రాశాడు, నేను చదివిన నోట్స్‌లో అంత కరెక్టుగా పట్టింది ఇంకోటి లేదు.

మూడో భాగంలో బ్యాండ్ వదులవుద్ది, తీసెయ్యండి. ఇక్కడ పొగ వెచ్చబడి చాక్లెట్ చేదు, కాలిన చెక్క, మళ్ళీ మిరియాలు వస్తాయి. లిగెరోకి ఇంకా బలం మిగిలి ఉంటే ఇప్పుడు తెలుస్తది. దమ్ముల మధ్య టైమ్ ఇంకా పెంచండి. బాగా దాచిన సిగార్ అయితే దాదాపు చివరిదాకా కూడా చేదు మరీ ఎక్కకుండా వస్తది. మొత్తం సిగార్‌లో ఎక్కడా ఏ మార్పూ లేకుండా అట్టముక్క కాల్చినట్టే ఉంటే రెండిట్లో ఒకటి, ఎండిపోయి నూనెలు పోయాయి, లేదంటే ఆ సిగార్ వయసు దాటిపోయింది. ఎక్కువ దాస్తే ఎక్కువ బాగుంటది అనేది నిజం కాదండి, మెత్తటి సిగార్‌కి ఆరేడేళ్ళే చాలు, బలమున్నవి ఇరవై ఏళ్ళు కూడా నిలుస్తాయి.

మధ్యలో ఇబ్బందులు వస్తే

ఒకపక్క వేగంగా కాలుతుంటే వెనకబడ్డ వైపుని కిందకి తిప్పి పట్టుకోండి, ఎక్కువసార్లు అదే సర్దుకుంటది, లేకపోతే లైటర్‌తో ఆ వెనకబడ్డ అంచుని మాత్రం తాకించండి. ఆరిపోతే తప్పేమీ లేదు, పాతవి నిదానంగా కాల్చేటప్పుడు ఆరుతుంటాయి, బూడిద మెల్లగా దులిపి, సిగార్‌లోంచి బయటికి ఒకసారి ఊది లోపల నిలిచిపోయిన పొగని పోగొట్టి, మళ్ళీ మొదట్లో లాగే దూరం నుంచి కాచండి. రేపటికి దాచుకుని మళ్ళీ వెలిగించడం మాత్రం వద్దు, చల్లారిన తారు వాసన పదేళ్ళ పని మొత్తం తుడిచేస్తది. పొగ అసలు రాకపోతే వేళ్ళ మధ్య మెల్లగా దొర్లించి ఆ గట్టి చోటు వదులు చెయ్యండి, కాకపోతే డ్రా టూల్ అనే సన్నటి చువ్వతో మధ్యలోంచి ఒక దారి చెయ్యండి. చుట్టేటప్పుడు ఆకు బిగిసిన సిగార్లు 1990ల చివర్లో, 2000 చుట్టుపక్కల క్యూబా బాక్సుల్లో ఎక్కువ ఉండేవి, ఆ కాలం బాక్స్ అయితే ఈ టూల్ పక్కనే ఉంచుకోండి. పైఆకు పగిలితే పగిలిన చోట వేలితో తడి అద్ది వదిలెయ్యండి, రుచికి ఏమీ కాదు.

బూడిద రెండు మూడు సెంటీమీటర్లు నిలవనివ్వండి, నిప్పుని చల్లగా ఉంచుద్ది, అంతకన్నా పొడుగ్గా నిలబెట్టాలన్న పోటీ అవసరం లేదు.

ఎప్పుడు ఆపాలి

వేళ్ళు కాలేదాకా కాల్చక్కర్లేదు. వరసగా మూడు దమ్ములు చేదుగా, వేడిగా వచ్చాయంటే అయిపోయినట్టే. నలిపి ఆర్పొద్దు, అలా చేస్తే ఇల్లంతా కంపు కొడుద్ది, ఆష్‌ట్రేలో పెట్టేస్తే అయిదు నిమిషాల్లో అదే ఆరుద్ది. వెంటనే నోరు కడిగెయ్యకండి, పది నిమిషాలు నీళ్ళు కూడా తాగకుండా కూర్చుని నోట్లో ఏం మిగిలిందో చూసి రాయండి, నాకు చాలాసార్లు రెండో భాగంలో తగిలిన తాటిబెల్లం మళ్ళీ ఇక్కడ తిరిగొచ్చింది. తర్వాత శుభ్రంగా బ్రష్ చేసుకోండి.

నోట్‌బుక్‌లో ఆ పేజీ పైన బాక్స్ కోడ్, నెల, సంవత్సరం, మీరు దాచిన తేమ శాతం, కాల్చిన తేదీ రాసి, బాక్స్‌లో మిగతా వాటిని కదపకుండా మూత వేసి మళ్ళీ అడుగు అరలో పెట్టెయ్యండి. తర్వాతది పై సంక్రాంతికి, ఇదే కుర్చీలో, ఇదే నీళ్ళతో, ఈ పేజీ పక్కన తెరిచి పెట్టుకుని.